ఎడమ చేతి మూల

వారమంతా నీలం తెర ముందు
గడ్డం కొంచెం ఎత్తండి, చెవులు కనపడాల అంటూ
పాస్‌పోర్టు మొహాలు తీసే పని నాది.
నవ్వకూడదు. నవ్వితే ఫోటో చెల్లదు.
ఆదివారం మాత్రం షట్టర్ దించేసి
కెమెరా మెడకేసుకుని
గాంధీ రోడ్డు దాటి గోవిందరాజస్వామి గుడి వీధుల్లోకి పోతాను,
చెల్లని మొహాల కోసం.

గుండు మీద గంధం ఇంకా ఆరని పిల్లోడు
తన తల తానే తడుముకుని ఉలిక్కిపడటం,
ఇత్తడి బిందె వంపులో చూసుకుంటూ
ఒక కానిస్టేబులు మీసం దువ్వుకోవడం.
అడిగితే ఇయ్యరు. ఆగమంటే ఉండవు.

మే నెల, మధ్యాహ్నం మూడు.
కొండల వెనక నుంచి మబ్బొకటి
టిక్కెట్టు లేనోడు క్యూ దూకినట్టు
ఉన్నట్టుండి వీధి మీదికి దూకింది.
కుప్పమ్మ బండి మీద కుంకాల కుప్పలు:
ఎరుపు, నారింజ, ముదురు గులాబి, పసుపు,
ఎవరు కొంటారో తెలియని ఒక ఆకుపచ్చ.
గరిటె వెనకతో ఒక్కోదాన్నీ చెక్కి చెక్కి
పొద్దున్నే కొనదేల్చి నిలబెడుతుందామె.
మొదటి చినుకు ఎరుపులో చిన్న గుంట చేసింది.
రెండోది పసుపులో.
తర్వాత లెక్క లేదు.

ఎరుపు పసుపులోకి జారింది,
గులాబి తట్ట అంచు దాటి చక్రం మీదికి కారింది,
బండి కింద పడుకున్న తెల్లకుక్క
లేచేసరికి సగం నారింజ.
నేను ఒకటి, రెండు, మూడు...
"ఏమబ్బా, కండ్లు యాడ పెట్టుకున్నావు?
ఫోటో మళ్లా తీద్దువు, ముందు ఈ పట్ట పట్టుకో!"

పట్టుకున్నాను.
కెమెరా చొక్కా లోపల, పొట్టకు చల్లగా.
చెరో కొసా పట్టుకుని నిలబడితే
నెత్తిన వాన దరువు,
కింద నా కాన్వాసు బూట్లకు పారాణి.
ఆమె తిడుతూనే ఉంది,
వానను, మున్సిపాలిటీని, నన్ను, అదే వరసలో.

రాత్రి చూస్తే మూడోది కుదిరింది.
రంగులు పరుగులో, కుప్పమ్మ కొంగు గాల్లో,
కుక్క సగం సగం.
ఎడమ చేతి మూలే చెత్త:
టీ బంకు చూరు కింద ఎవరో బట్టతల మనిషి,
చంకలో గొడుగు, నోట్లో బన్ను.
కత్తిరించాలనుకుని మరిచాను.
కాగితం బయటికొచ్చాక గుర్తొచ్చింది.

తరువాతి ఆదివారం చేతికిచ్చాను.
రంగులు చూడలేదామె. తనను తాను చూసుకోలేదు.
వేలు నేరుగా మూలకు పోయింది.
"వీడు దొరస్వామి గదా!
చీటీ దుడ్లు పదకొండు వేలు ఎగ్గొట్టి
వేలూరులో ఆపరేషను, మంచం మీదుండానని
పెండ్లాంతో చెప్పించినాడే!
బన్ను తింటాండాడు సూడు, బన్ను!"
గాజుల బండి షాహీనా వచ్చి చూసింది.
టీ బంకు మురుగేశు వచ్చి చూశాడు,
"ఆ బన్నుకూ దుడ్లీలేదక్కా" అన్నాడు.
నా ఫోటోను అంత శ్రద్ధగా
ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

నిన్న మళ్లీ ఆ దారిన పోయాను.
బండి కమ్మీకి, ప్లాస్టిక్ కవరులో, దొరస్వామి.
అగ్గిపెట్టెంత. బన్నుతో సహా.
మిగతా ఫోటో ఏది అని అడిగాను.
ఆమె గులాబి తట్టలో చెయ్యి పెట్టి
గరిటెలా మడిచిన గట్టి కాగితం పైకి తీసింది.
దాని లోపలి వైపు వాన ఇంకా పడుతోంది.
"బలే పనికొస్తాంది నాయనా.
నాలుగు వేలు ఇచ్చినాడు, ఏడుండాది.
ఇంకోటి తీసియ్యి, వాళ్ల వీధిలో అంటించాల.
బన్ను కొంచెం పెద్దగా పడేట్టు."

స్టూడియోకొచ్చి మూలను పెద్దది చేశాను.
బన్ను వచ్చింది. దాని పైన మొహం వచ్చింది.
చూరు నుంచి కారే నీళ్లకు అరచెయ్యి పట్టి
దొరస్వామి నవ్వుతున్నాడు,
పదకొండు వేలు మరిచిపోయి,
బుగ్గ నిండా.